ముగ్గులో కాలువ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఖరీఫ్‌లో వ్యవసాయ కాలేజీ నుంచి నలుగురు ఆడపిల్లలు మా ఊరొచ్చారు. ఆఖరి సంవత్సరం చదివేవాళ్లు కొన్ని నెలలు ఒక పల్లెలో ఉండి, ఒక్కొక్కరు ఒక్కో రైతు వెంట తిరిగి పని నేర్చుకోవాలి. దానికేదో ఇంగ్లీషు పేరుంది. ఊరివాళ్లు మాత్రం పల్లె ట్రైనింగ్ అనేవారు. నలుగురూ పంచాయతీ ఆఫీసు వెనక అద్దెగదిలో దిగారు. వాళ్లలో గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి మా బావ వంతుకు వచ్చింది.

బావంటే మా అక్క భర్త. చెరువు కింద ఆరెకరాల పల్లం, గరువు మీద, అంటే ఎత్తు నేలలో, కొంత మెట్ట ఉన్న రైతు. నేను అదే ఊళ్లో రెండిళ్ల అవతల ఉండేవాడిని. శ్రీకాకుళంలో ఒక దినపత్రిక డెస్కులో జిల్లా పేజీలు దిద్దడం నా ఉద్యోగం. మధ్యాహ్నం మూడింటికి బండిమీద బయల్దేరేవాడిని. పొద్దున్నంతా ఊళ్లోనే. అందుకే ఈ సంగతంతా నా కళ్లముందే జరిగిందని చెప్పగలను. అలా చెప్పి ఊరుకుంటే నిజం సగమే అవుతుంది. అందులో నా చెయ్యి ఉంది.

ఆ అమ్మాయి దగ్గర ఆకుపచ్చ అట్ట రికార్డు పుస్తకం ఒకటుండేది. నాట్ల దగ్గర్నుంచి ప్రతి పనీ అందులో రాయాలి. మొదటి పేజీలో ఎడమవైపు "రైతు అడిగిన సమస్య" అని ఒక గడి, కుడివైపు "విద్యార్థి ఇచ్చిన జవాబు" అని ఇంకో గడి, కింద రైతు సంతకానికి ఒక గీత. ఆ సంతకం లేకపోతే మాస్టార్లు మార్కులు వెయ్యరు. మార్కులు పడకపోతే వచ్చే ఏడాది మళ్లీ మొదట్నుంచి ఏదో ఒక పల్లెలో కూర్చోవాలి. పైచదువుకు వెళ్లాలన్న తొందరలో ఉన్న పిల్లకు అది ఒక ఏడాది పోవడమే.

ఎడమ గడిలో రాయడానికి బావ ఆగస్టులోనే సమస్య ఇచ్చాడు. పొలానికి తీసుకెళ్లి గట్టుమీద నిలబెట్టాడు. పచ్చటి చేను మధ్యలో నాలుగడుగుల వెడల్పున ఒక పసుపు చార. నేరుగా కాదు, వంకర్లు తిరుగుతూ పై గట్టు నుంచి కింది గట్టుదాకా ఉంది.

"నువ్వు సదువుకున్నావు కదా అమ్మలూ. ఇదేటో సెప్పు. ఏటేటా ఇలాగే పసుపు తిరుగుతాది. రెండుసార్లు యూరియా ఏసినాను. ఊహూఁ."

ఆ అమ్మాయి మడిలోకి దిగింది. చారలోంచి ఒక చోట, దానికి పక్కనుంచి ఒక చోట మట్టి తీసింది. ఇంటికి తెచ్చి గుడ్డమీద పరిచి, గడ్డలు చిదిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారబోసి, మిగిలినవి కలిపి మళ్లీ నాలుగు చేసింది. అరుగుమీద కూర్చుని అక్క చూస్తోంది.

"ఒలమ్మా, మట్టికింత మర్యాదేటే? మీ బాబాయికి అన్నమైనా ఇలాగ కలిపి ఎట్టలేదు నాను."

"అందుకే పిన్నీ, మీ కూరలో కారం ఒక పక్కకే ఉంటోంది," అంది ఆ అమ్మాయి.

ఆ రోజు నుంచి పిల్ల ఇంట్లో మనిషైపోయింది. మట్టి రెండు పొట్లాలై కాలేజీ ల్యాబుకి వెళ్లింది. అందరం దాని సంగతి మరిచిపోయాం.

సెప్టెంబరు సగమయ్యేసరికి వాన ముఖం చాటేసింది. చెరువులో నీళ్లున్నాయి. పై పొలాలకు లోటు లేదు. దిగువ పొలాలకు మాత్రం నీళ్లు ఊరి గోర్జి, అంటే బళ్లు నడిచే సందుదారి, పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లాలి. సగం దారిలోనే ఇంకిపోయేవి. చేలు పొట్టకొచ్చే రోజులవి. దిగువ రైతులు పొద్దున్నే చెరువు గట్టెక్కి నీటివైపు చూసి దిగిపోయేవారు.

అలాంటప్పుడు వచ్చింది ఊరి పటం గీసే పని. కాలేజీవాళ్ల పద్ధతి ప్రకారం పటం కాగితంమీద గీయకూడదు. ఊరి నడిబొడ్డున, నేలమీద, రంగుల ముగ్గుపొడితో గీయాలి. విద్యార్థులు అడుగుతుంటే ఊరివాళ్లు చెప్పాలి, వీలైతే వాళ్లే గీయాలి. తర్వాత దాన్ని చార్టుమీదకు ఎక్కించుకోవాలి. ఒక ఆదివారం పొద్దున్న పంచాయతీ ఆఫీసు ముందు సిమెంటు రోడ్డు కడిగి మొదలుపెట్టారు. ఇళ్లకు ఎరుపు, పల్లానికి ఆకుపచ్చ, గరువుకు పసుపు, నీళ్లకు నీలం. పాతికమంది దాకా చుట్టూ చేరారు. తన ఇల్లు పక్కింటికంటే చిన్నదిగా గీశారని ఒకాయన అలిగాడు. బావ ఆ పొద్దున యూరియా కోసం ఆమదాలవలస వెళ్లాడు. అతను ఊళ్లో ఉంటే ఆ తర్వాత పడిన నీలం గీత పడేది కాదు.

చెరువు గీసి, దాని గట్టుకింద నీళ్లు వదిలే తూమును, మా వైపు మదుము అంటారు, చిన్న చుక్కతో చూపించి, ఆ అమ్మాయి అక్కడినుంచి నీలం పొడిని గోర్జి పక్కనే పోస్తూ వచ్చింది. దిగువ వీధి ముసలమ్మ ఒకామె ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ ముసలమ్మ భర్త బతికున్న రోజుల్లో మదుము తీసి వంతులవారీగా పొలాలకు నీళ్లు పెట్టేవాడు.

"అది కాదే గుంటా. అది దారి. నీల్లు దారంట ఎల్తాయేటి?"

"మరెటు బామ్మా?"

"నువ్వు లెగు."

ముసలమ్మ గుప్పెడు నీలం పొడి తీసుకుని వంగింది. మదుము దగ్గర మొదలుపెట్టి, వేళ్ల సందునుంచి పొడి జారుస్తూ, వెనక్కి వెనక్కి నడిచింది. ఒకచోట ఆగి కుడికి తిప్పింది. నాలుగు జానలు వెళ్లాక ఎడమకి తిప్పింది. ఆకుపచ్చ పొడి మధ్యలోంచి నీలం గీత దిగువ పొలాలదాకా వచ్చి ఆగింది.

ఎవరూ ఏమీ అనలేదు. అంతసేపూ ఇళ్ల సైజుల మీద తగువులాడినవాళ్లు కూడా గీతవైపు చూస్తూ ఊరుకున్నారు. నిశ్శబ్దాన్ని వినడం కూడా నా వృత్తిలో భాగమేనని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుండేవాణ్ణి. ఆ పొద్దున మాత్రం వినలేదు. ముసలమ్మ చేతివాటం చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాను. ఆమె వంగిన నడుము, నీలం గీత, వెనకాల నలుగురు పిల్లలు. ఫోన్లో ఫొటో తీశాను.

సోమవారం సాయంత్రం జిల్లా పేజీలో కింద రెండు కాలమ్‌ల ఖాళీ వచ్చింది. ఆ ఫొటో పెట్టాను. క్యాప్షన్ లేకుండా ఫొటో వేయకూడదన్నది డెస్కు నియమం. చూసేవాడికి కనపడని విషయం ఒకటైనా క్యాప్షన్‌లో చెప్పాలన్నది నాకు పనినేర్పిన పెద్దాయన పెట్టిన నియమం. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ రాసేశాను: "చెరువు మదుము నుంచి దిగువ పొలాలకు పారే పాత కాలువను రంగుల ముగ్గుతో చూపిస్తున్న వృద్ధురాలు, వ్యవసాయ విద్యార్థినులు."

ముగ్గు ఆదివారం మధ్యాహ్నానికే పశువుల గిట్టల కింద చెదిరిపోయింది. క్యాప్షన్ మంగళవారం పొద్దున్నే ఊరొచ్చింది.

అదే రోజు దిగువ రైతు ఒకడు ఆమదాలవలస వెళ్లి ఆ ముక్క కత్తిరించి, ప్లాస్టిక్ అట్ట వేయించి తెచ్చుకున్నాడు. వచ్చే సోమవారం శ్రీకాకుళంలో కలెక్టరాఫీసు అర్జీలకు తీసుకెళ్తారట. కాలువ ఉండేదని వాళ్లు ఎప్పట్నుంచో అంటున్నా, అది కాగితంమీద ఇంతవరకూ ఎక్కడా లేదు. ఇప్పుడు పేపర్లో ఉంది.

బుధవారం పొద్దున్న బావ కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి వాకిట్లో స్తంభం పక్కన నిలబడి ఉంది. అక్క వంటింటి గుమ్మంలో. బావ మంచంమీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఇదేటి?"

"ఫొటో బావా."

"ఫొటో నాకూ కనపడతన్నాది. కిందనున్నది సదువు."

చదివాను.

"మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. నేను రాసిన వాక్యం రెండోసారి నా గొంతులోనే వేరుగా వినిపించింది.

"పాత కాలవ అని రాసినావు. నీకెవులు సెప్పినారు?"

"ముసలమ్మ గీసింది కదా అని..."

"ముసిల్ది గీసింది. బాగున్నాది. ఆ గీత ఎవడి మడిలోంచి ఎల్లిందో నీకు తెల్దేటి? మీ అక్క మెతుకు తింతన్నది ఆ మడిలోదే."

నాకు తెలుసు. ఊళ్లో నలభై దాటినవాళ్లందరికీ తెలుసు. ముసలమ్మ మొగుడు పోయిన తర్వాత ఒకదాని తర్వాత ఒకటి కరువు ఏళ్లొచ్చాయి. చెరువు ఎండింది. కాలువలో నీళ్లు లేవు. బావ తండ్రి ఏడాదికొక సాలు చొప్పున కాలువలోకి దున్నుకుంటూ పోయాడు. చెరువు నిండేనాటికి కాలువ లేదు. దిగువవాళ్లలో సగంమంది చుట్టాలే కావడంతో ఎవరూ నోరెత్తలేదు. ఆ ఎత్తని మాటని ఊరంతా కలిసి ఇరవై ఏళ్లు మోసింది. నేను దాన్ని తెలిసి బయటపెట్టలేదు. రెండు కాలమ్‌ల ఖాళీ నింపడానికి పెట్టాను. తెలిసిన విషయాన్ని మరిచిపోయి రాయడం తెలియక రాయడంకంటే పెద్ద తప్పని ఆ వాకిట్లో నిలబడ్డాకే తోచింది.

"రేపు పేపర్లో తప్పని వెయ్యి," అన్నాడు బావ. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అమ్మలూ, నువ్వూ ఓ కాయితం రాసియ్యి. ముసిల్ది తప్పు సెప్పినాది, మాకు తెలీక గీసినాం అని. అంతే. శనివారం మీ మాస్టర్లు వొచ్చేసరికి నాను సంతకం ఎట్టెస్తాను."

"అది తప్పో కాదో నాకు తెలీదు బాబాయ్. తెలియకుండా తప్పని ఎలా రాయను?"

"తెలీకుండా ఒప్పని గీసినావు కదా."

ఆ అమ్మాయి పేపరువైపు చూసింది. తల దించుకుంది. బావ కోప్పడలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి తలగడ కింద పెట్టుకున్నాడు.

"రాస్తే సంతకం. నేదా, నాను నీకు బాబాయినీ కాదు, రైతునీ కాదు. నాకు పనున్నాది."

అక్క గుమ్మంలోంచి, "గుంట టిఫిను తిననేదు," అంది.

"తినమను. నానేటి వొద్దన్నానా?" అంటూ పొలానికి వెళ్లిపోయాడు. ఆ పొద్దున ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేముందు ఒక తెల్లకాగితంమీద సవరణ రాసుకున్నాను. "మంగళవారం నాటి ఫొటో వ్యాఖ్యలో పాత కాలువ అని పేర్కొన్నాం. అక్కడ కాలువ ఉన్నట్లు రికార్డుల్లో ఆధారం లేదు." డెస్కులో మాకు బాగా పనికొచ్చే మాట అది, ఆధారం లేదు. అందులో అబద్ధం ఉండదు. నిజమూ ఉండదు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. పేజీ పంపించేదాకా ఇద్దామా వద్దా అనుకుంటూ కూర్చున్నాను. ఇవ్వలేదు. అది ధైర్యం కాదు. ఇస్తే దిగువవాళ్ల చేలు ఎండడంలో నాకూ వాటా ఉంటుంది, ఇవ్వకపోతే అక్క గుమ్మం ఎక్కలేను. రేపు చూద్దాం అనుకోవడం తప్ప నాకేమీ తోచలేదు.

గురువారం పొద్దున్న ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో రికార్డు, దాంట్లో మడిచిన కాగితం. మట్టి ఫలితం వచ్చింది.

"సార్, పక్క మట్టి బంకమన్ను. చారలోది ఇసుక. నాలుగడుగుల వెడల్పున ఇసుక ఎందుకుంటుంది సార్?"

నేను కాగితం తీసుకుని అంకెలు చూశాను.

"అది కాలువ అడుగు," అంది తనే. "బామ్మ తిప్పిన వంకరలూ చార వంకరలూ ఒకటే. నిన్న గట్టుమీద నిలబడి చూశాను."

కుర్చీలో కూర్చుని రికార్డు మొదటి పేజీ తెరిచింది. ఎడమ గడిలో తన రాతతో, బావ మాట: చేను మధ్యలో పసుపు చార ఎందుకు వస్తోంది? కుడి గడి ఖాళీగా ఉంది.

"బాబాయ్ అడిగిన ప్రశ్న ఇదొక్కటే సార్. జవాబు రాయాలి. రాసి ఆయన చేతే సంతకం పెట్టించుకోవాలి."

నేను అనుభవమున్నవాడి గొంతుతో సలహా ఇచ్చాను. "ఇసుక పాలు ఎక్కువ, నీళ్లు నిలవడం లేదు అని రాసెయ్యమ్మా. ఎందుకుందో రాయనక్కర్లేదు. అది అబద్ధం కాదు కదా."

ఆ అమ్మాయి తలెత్తింది. "మీరలాగే రాస్తారా సార్?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "సవరణ కూడా వేస్తారా?"

జేబు తడుముకున్నాను. "ఇంకా వెయ్యలేదు," అన్నాను.

"నాకు భయంగా ఉంది సార్. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏడాది పోతే మా నాన్న ఏమీ అనడు. అనకపోవడమే నాకు కష్టం."

ఆమె చేయాల్సిన పనుల్లో ఒకటి మిగిలిపోయింది. రైతుతో కలిసి ఊరి పొలాలకు అడ్డంగా ఒక చివరనుంచి ఇంకో చివరకు నడిచి, దారిలో మట్టి, పంట, నీరు ఎలా మారుతున్నాయో రాసుకోవాలి. బావ వస్తానని వారం కిందటే మాటిచ్చాడు. ఇప్పుడు రాడనే అందరం అనుకున్నాం. అక్కే పట్టుబట్టింది.

"సంతకం నీ ఇష్టం. నడుత్తానని మాటిచ్చినావు గుంటకి. నడు."

శుక్రవారం పొద్దున్న బావ పార భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి, "నువ్వూ రారా. ఫొటోలు కావాలి కదా నీకు," అన్నాడు.

చెరువు గట్టుమీద ముసలమ్మ గడ్డి కోసుకుంటోంది. బావ ఆగాడు.

"ఏటి, కల్లు కనబడతన్నాయా నీకు? పటాలు గీసేత్తన్నావు."

ముసలమ్మ కొడవలి ఆపలేదు. "కల్లు కనబడవు నాయినా. కాల్లకి తెల్దేటి? మదుము తీసే మీ మావకి ముప్పై ఏల్లు బువ్వ అట్టుకెల్లినాను ఆ కాలవ గట్టుమీద. వానొస్తే జారిపడేదాన్ని. ఎక్కడ జారతాదో ఇప్పటికీ తెలుసు."

బావ ముందుకు నడిచాడు. మదుము దాటి, పై మళ్లు దాటి, తన పొలం గట్టెక్కాం. అమ్మాయి దారిపొడుగునా రాసుకుంటూనే ఉంది. పసుపు చార దగ్గరికి వచ్చాక ఆగింది.

"బాబాయ్, ఇక్కడ మూడు గుంటలు తియ్యాలి. చారకి ఇటొకటి, అటొకటి, చారలో ఒకటి."

ఆమె చేతికి పార ఇవ్వలేదు బావ. తనే తవ్వాడు. ఎడమవైపు గుంటలోంచి తీసిన మట్టిని అమ్మాయి అరచేతుల మధ్య పాముతుంటే జంతిక పిండిలా పొడుగ్గా సాగింది. కుడివైపుదీ అంతే. మూడోది చారలో. పార దిగిన చప్పుడే వేరుగా వచ్చింది, గరగరమని. బావ ఆగి, మళ్లీ దింపాడు. తీసిన మట్టి ఆమె చేతిలో పొడిపొడిగా విడిపోయింది. దాంట్లోంచి రెండు గులకరాళ్లు పడ్డాయి. నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. బావ వంగి ఒకటి తీసి, బొటనవేలితో బురద తుడిచాడు.

"ఇసుక బాబాయ్. మీరు వేసిన యూరియా నీళ్లతో కిందకి దిగిపోతోంది. ఇంకో బస్తా వేసినా అంతే."

"ఇసక ఎందుకొచ్చినాది?"

ప్రశ్న తనే అడిగాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను చెప్పిన సలహా ఇద్దరికీ గుర్తుంది. నేను గట్టుమీద గడ్డివైపు చూశాను.

"నీళ్లు పారిన చోట ఇసుక చేరుతుంది బాబాయ్," అంది.

బావ రాయిని చేతిలో తిప్పుతూ చార వెంట పైకి చూశాడు, కిందికి చూశాడు. దిగువ మళ్లలో ఒకాయన గట్టుమీద నిలబడి మావైపే చూస్తున్నాడు. అతని చేను ఆకులు చుట్టుకుపోయి సూదుల్లా ఉన్నాయి. బావ రాయిని గుంటలో పడేసి, కాలితో మన్ను తోసి కప్పేశాడు.

"అయిపోనాదా నీ నడక?"

"ఇంకా దిగువదాకా..."

"అక్కడేటున్నాదో నాకు తెలుసు. నువ్వెల్లి సూసుకో."

పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి గట్టుమీదే కూర్చుని, రికార్డు ఒళ్లో పెట్టుకుని, కుడి గడి నింపింది. మూడు వాక్యాలు. చివరిది: "ఇది పాత కాలువ అడుగు." నాకు చూపించి, "అక్షరదోషాలున్నాయా సార్?" అని అడిగింది. లేవన్నాను. సంతకం గీత ఖాళీగానే ఉంది.

శనివారం పది గంటలకు ఇద్దరు మాస్టార్లు జీపులో వచ్చారు. పంచాయతీ ఆఫీసు గోడకు నాలుగు చార్టులు వేలాడదీశారు. ఈ అమ్మాయి చార్టులో నీలం గీత ముసలమ్మ తిప్పిన వంకరలతో సహా అలాగే ఉంది. మిగతా ముగ్గురు అమ్మాయిల రైతులూ వచ్చి, కుర్చీల్లో కూర్చుని, సంతకాలు పెట్టేశారు. దిగువవాళ్లు నలుగురైదుగురు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒకడి జేబులోంచి ప్లాస్టిక్ అట్ట అంచు మెరుస్తోంది. బావ రాలేదు. అక్కని అడిగితే, తెల్లారకముందే వెళ్లాడని, ఎక్కడికో తెలియదని చెప్పింది.

పెద్ద మాస్టారు రికార్డు మొదటి పేజీ తీశాడు. ఎడమ గడి చదివాడు, కుడి గడి చదివాడు, గోడమీద చార్టు చూశాడు. "బాగుంది. రైతు సంతకం ఏదమ్మా?"

"వస్తారు సార్," అంది. వస్తాడని ఆమెకి తెలియదు.

ఇంకో చార్టు చూశారు. మజ్జిగ తాగారు. జీపు డ్రైవరు వచ్చి ఇంకో ఊరు ఉందని గుర్తుచేశాడు. మాస్టారు రికార్డు మూసి బల్లమీద పెట్టి, కళ్లజోడు తీశాడు. ఆ అమ్మాయి రెండు చేతులతో చున్నీ అంచు పట్టుకుని నిలబడింది.

అప్పుడు బావ వచ్చాడు. మోకాళ్లదాకా బురద. గుమ్మం బయట పార ఆనించి, లోపలికి వచ్చి, చార్టు ముందు నిలబడ్డాడు. గదిలో మాటలు ఆగిపోయాయి. ఈసారి ఆ నిశ్శబ్దం నాకు బాగానే వినపడింది. అతను నీలం గీతని పైనుంచి కిందదాకా చూశాడు.

"ఇక్కడ ఇంకో వంకరున్నాది," అన్నాడు వేలు పెట్టకుండా చూపిస్తూ. "ముసిల్ది మరిసిపోనాది."

లుంగీకి చెయ్యి తుడుచుకుని పెన్ను అడిగాడు. సంతకం పెట్టాడు. పేజీ అంచున బురద వేలిముద్ర పడింది.

మాస్టారు మామూలుగా అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఈ అమ్మాయి వల్ల మీకేమైనా ఉపయోగపడిందా?"

"నాను అడిగినదానికి జవాబు సెప్పినాదండి. నాను అడక్కుండా ఉండాల్సింది."

మాస్టార్లు నవ్వారు. గుమ్మం దగ్గర ఉన్నవాళ్లు నవ్వలేదు. వాళ్లు బావ కాళ్లకేసి చూస్తున్నారు. ఇంతలో దిగువ వీధినుంచి ఒక ఆడమనిషి వచ్చి వాళ్లతో ఏదో చెప్పింది. నలుగురూ ఒక్కసారిగా మెట్లు దిగి పొలాలవైపు నడిచారు.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేదారిలో బండి ఆపి చూశాను. బావ పొలం పై గట్టు చారకి ఎదురుగా మూడడుగులు తెగ్గొట్టి ఉంది. కింది గట్టు కూడా. పసుపు పైరు మధ్యనుంచి నీళ్లు దిగువ మళ్లలోకి పోతున్నాయి. పెద్ద ప్రవాహమేమీ కాదు. చీలమండ లోతు. బావ గట్టుమీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"తప్పని ఏస్తావా?" అన్నాడు నావైపు చూడకుండా.

"లేదు బావా."

"వెయ్యకు. ఒప్పని కూడా వెయ్యకు. సంతకం గుంటకి ఎట్టినాను. నీకు కాదు."

జేబులో కాగితం తీసి చింపాను. ముక్కలు నీళ్లలో వేయబోతే, "మడిలో కాదురా. జేబులో ఎట్టుకో," అన్నాడు. పెట్టుకున్నాను.

దిగువవాళ్లు ఆ సోమవారం శ్రీకాకుళం వెళ్లలేదు. వెళ్లొద్దని ఎవరూ చెప్పలేదు. ఆ ప్లాస్టిక్ అట్ట ఇప్పటికీ ఎవరింట్లోనో ఉండే ఉంటుంది. దిగువన కొన్ని మళ్లు దక్కాయి. మరీ ఎండినవి దక్కలేదు. బావ నాతో మామూలుగా మాట్లాడ్డానికి పంట ఇంటికి రావాల్సి వచ్చింది. అప్పుడు కూడా పేపరు నా ముందు చదివేవాడు కాదు.

ఆ అమ్మాయి ఆదివారం రైలుకి వెళ్లిపోయింది. అక్క ఆమె సంచిలో కొబ్బరికాయలు కుక్కింది. మరుసటి ఏడాది పైచదువులో సీటు వచ్చిందని ఫోన్ చేసింది. అక్కతో మాట్లాడి, నాతో మాట్లాడింది. పెట్టేసేముందు అడిగింది.

"సార్, ఆ చార ఈ ఏడాది కూడా పసుపు తిరిగిందా?"

అప్పటికి నాట్లు అయిపోయాయి. పొలంమీద నుంచే వస్తున్నాను. బావ ఇటూ అటూ నాటించి, మధ్యలో నాలుగడుగులు వంకరలతో సహా వదిలేశాడు. రెండు వైపులా చిన్న గట్లు కూడా పోశాడు. నీళ్లు పారుతున్నాయి. ఇదేంటి బావా అని అడిగితే, ముఖం తిప్పకుండా చెప్పిన మాటే ఆ అమ్మాయికి చెప్పాను.

"ఇసక సార. పండదు. ఒగ్గేసినాను."